పదవి విడిచిన పెద్దల సభ

అధికారము చేతనున్నవారి మాటను లోకము వినుట వింత గాదు. అది విడిచిన వెనుకగూడ వినునా యని మనము విచారింతము.

2001వ సంవత్సరము అక్టోబరు మాసమున స్పెయిను రాజధానియగు మాడ్రిడ్ నగరమున ప్రజాస్వామ్యమునుగూర్చి యొక మహాసభ జరిగెను. దాని ఫలముగా క్లబ్ ది మాడ్రిడ్ అను సంఘ మేర్పడెను. ప్రజలచే నెన్నుకొనబడి దేశముల నేలి, పదవినుండి తొలగిన అధ్యక్షులును ప్రధానమంత్రులును నూరుగురికి పైగా నిందు సభ్యులు. బ్రెజిల్ మాజీ అధ్యక్షుడు కార్డోసో తొలినాళ్లలో దీనికి నాయకత్వము వహించెను. వీరు ఏటేట సమావేశమై ప్రజాపాలనను బలపరచు మార్గములను చర్చింతురు. క్రొత్తగా ప్రజాస్వామ్యమున నడుగిడిన దేశముల నాయకులకు తమ యనుభవమును తెలుపుదురు.

2004 మార్చి 11వ తేదీన ఆ నగరపు రైళ్లలో బాంబులు ప్రేలి 190 మందికి పైగా మరణించిరి. ఏడాది నిండునాటికి ఈ సంఘము అచ్చటనే సభ కూర్చి, ఉగ్రవాదము నెదిరించుటయందును పౌరుల స్వేచ్ఛను కాపాడవలెనని చాటెను.

వీరికి సైన్యము లేదు, శాసనాధికారము లేదు. తమ సలహాను త్రోసిపుచ్చినవారిని దండింపజాలరు. అయినను గద్దె నెక్కుటయేగాక దిగుటయు నెరిగినవా రగుటచే వీరి మాటకు విలువ గలదు. ఏడాది నిండగానే తరగతి నాయకత్వమును తోటివానికి సంతోషముతో నప్పగించు బాలుడును ఈ పాఠమునే యభ్యసించుచున్నాడు.