అవ్వ అడిగిన ప్రశ్నకు శాస్త్రమేమి చెప్పును?

సమస్య



నేను బాగేపల్లి తాలూకాలో ఒక చిన్న పల్లెకు చెందినదానను. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం, కాలేజీకి వచ్చాక ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం మా అవ్వ కైవారం తాతయ్య కీర్తనల పుస్తకం మీద వేలు పెట్టి చూపిస్తే నేర్చుకొన్నాను. ఇప్పుడు తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అందులోనూ నీతిశాస్త్రాన్ని నిత్యజీవితానికి అన్వయించే భాగం, సమాజంలోని న్యాయాన్యాయాలను విచారించే భాగం నన్ను లాగుతున్నాయి. ఉన్న నీరు ముందు ఎవరికి చేరాలి, వైద్యపరీక్షకు ఒప్పుకొన్నవాళ్ళు నిజంగా తెలిసే ఒప్పుకొన్నారా, ఒకరి అభివృద్ధి కోసం ఇంకొకరు ఎంతవరకు నష్టపోవచ్చు అనే ప్రశ్నలే ఎప్పుడూ మనసులో మెదులుతుంటాయి. పిహెచ్.డి. చేసి, యూనివర్సిటీలో ఈ శాస్త్రాన్నే బోధిస్తూ బ్రతకాలని నా కోరిక.

మా నాయనకు రెండెకరాల వేరుసెనగ చేను ఉంది. వేసిన బోరు వెయ్యి అడుగులు దిగినా దుమ్మే లేచింది; దాని అప్పు ఇంకా తీరలేదు. తమ్ముడు చింతామణిలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఇంటికి పెద్దదిక్కు మా మేనమామ. “బి.ఇడి. చేస్తే రెండేండ్లలో బడిలో ఉద్యోగానికి అర్హత వస్తుంది. నీతిని గురించి చదివితే నీకు జీతమెవరిస్తారమ్మా?” అంటాడు. కోపంతో అన్న మాట కాదది. నా ఎం.ఏ. ఫీజు కట్టింది ఆయనే. అందుకే ఆయనకు ఎదురు చెప్పలేకపోతున్నాను.

అంతకంటె నన్ను బాధిస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. ఎం.ఏ. ప్రాజెక్టుకు మా ఊరి నీళ్ళ సంగతే తీసుకొన్నాను. మా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అవ్వకు మోకాళ్ళు వంగవు, మెడ తిరగదు. అమ్మ ప్రతిరోజూ శుద్ధనీటి ఘటకం దగ్గర ఐదు రూపాయల బిళ్ళ వేసి 20 లీటర్ల క్యాను నింపి మోసుకొస్తుంది. ఆ నీళ్ళు త్రాగడానికే. ముద్ద కెలకడానికీ, పప్పు ఉడకడానికీ మళ్ళీ బోరునీళ్ళే. ఒక సాయంకాలం నోటుపుస్తకం పట్టుకొని అవ్వ పక్కన కూర్చొని, నొప్పులు ఎప్పుడు మొదలైనాయి, అప్పుడు ఎవరికి చెప్పుకొన్నావు అని అడిగి అన్నీ వ్రాసుకొన్నాను. అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, చివర ఆమె, “ఇదంతా రాసుకొంటే నా మోకాలు వంగుతుందామ్మా?” అని అడిగింది. ఆ తరువాత నేను ఆ పుస్తకంలో ఒక్క ముక్క వ్రాయలేదు.

మావాళ్ళ కష్టం నాకు పట్టా అవుతుంది, రేపు ఉద్యోగమూ అవుతుంది, వాళ్ళకేమవుతుంది? న్యాయాన్ని గురించి పాఠం చెప్పి జీతం తీసుకోవడం న్యాయమేనా? మామ మాట విని ఈ దారి మానుకోవాలా? పెద్దలు మీరు దారి చూపించండి.

— ఒక విద్యార్థిని, బాగేపల్లి తాలూకా

సలహా

అమ్మా,

నీ జాబులో రెండు ప్రశ్నలు కలవు. జీతమెవరిత్తురని మీ మామగారు వేసినది యొకటి. మోకాలు వంగునా యని మీ అవ్వగారు వేసినది రెండవది. లోకము మొదటిదానినే పెద్ద ప్రశ్నగా నెంచును గాని, రెండవది తేలనిచో మొదటిది తేలినను నీకు శాంతి యుండదని నీ వ్రాతయే చెప్పుచున్నది. అయినను అన్నము మాట ముందు తేల్చుకొని, పిదప ధర్మము మాటకు వత్తము.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు బంధువొకరిచ్చిన పాఠ్యపుస్తకములున్నవను కారణమున తత్త్వశాస్త్రమును తీసికొని, 1908లో వేదాంతమునందలి నీతిని గూర్చిన ఎం.ఏ. వ్యాసమును ప్రకటించి, 1918లో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యపదవి నందిన కథ నీవు వినియే యుందువు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో 1924లో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తత్త్వశాస్త్రమును బోధించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు (యు.జి.సి.) ఉపాధ్యక్షులైన సంగతియు వినియుందువు. కాని ఆ మహనీయుల పేర్లు చూపి, అప్పులో నున్న యింటి ఆడపిల్లను పురికొల్పుట న్యాయము కాదు. నేడు డిగ్రీ కాలేజీలలో తత్త్వశాస్త్ర శాఖలు అరుదు, పిహెచ్.డి. పట్టా చేతనుంచుకొని, ఏటికేడు అతిథి ఉపన్యాసకులుగా కాలము వెళ్ళబుచ్చువారు పెక్కురు. మీ మామగారి భయమునకు ఆధారము లేకపోలేదు.

అయితే ఆ భయమునకు హద్దు కట్టు ఉపాయము కలదు. తత్త్వశాస్త్రమున యు.జి.సి. నెట్ పరీక్ష సాధారణముగా ఏటికి రెండుమారులు జరుగును. అందు జె.ఆర్.ఎఫ్. అను పరిశోధక ఫెలోషిప్పు లభించినచో మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలును, తరువాత 42,000 రూపాయలును, మొత్తము మీద ఐదేండ్ల వరకు వచ్చును. వయోపరిమితి సాధారణముగా 30 ఏండ్లు. స్త్రీలకు మరి యైదేండ్ల సడలింపు కలదు. ఆ ధనముతో హాస్టలులో నుండి చదువుకొనుచు, బోరు అప్పునకు నెలనెలా కొంత పంపుటయు సాధ్యమే. స్థిరమైన అసిస్టెంటు ప్రొఫెసరు ఉద్యోగము దొరికిన నాడు మూలవేతనము 57,700 రూపాయలతో ఆరంభమగును. కావున మీ మామగారి యెదుట కూర్చొని, ఈ లెక్క కాగితము మీద వేసి చూపి, రెండేండ్ల గడువడుగుము. ఫెలోషిప్పు చేతికి రానిదే పరిశోధనలో చేరననియు, అప్పు చేసి చదువననియు మాట యిమ్ము. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, మైసూరునను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునను ఈ శాస్త్రమునకు శాఖలు కలవు. పేరును బట్టి గాక, నీ ప్రశ్నను తన ప్రశ్నగా దలచు గురువును బట్టి వానిలో నొకదాని నెన్నుకొనుము.

ఇక నీ మనస్సును కలచుచున్న విషయమునకు వత్తును. ఈ శాస్త్రము ఎవరికేమి మేలు చేయునని నీవడుగుచున్నావు. 2009వ సంవత్సరమున, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించుటకు ఉద్దేశింపబడిన టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు, రమారమి 14,000 మందికి వేసిరి. వారిలో గిరిజన బాలికలు, వసతిగృహములలో నుండి చదువుకొనువారు అనేకులు. తల్లిదండ్రులు చేయవలసిన సంతకములు పలుచోట్ల వార్డెన్లే చేసిరి. 2010 ఏప్రిల్ మాసమున ఆ కార్యక్రమము నిలుపబడినది; 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా గర్హించినది. టీకా వేయించుకొన్న బాలికలలో కొందరు మరణించిరి గాని, అందులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే కావచ్చును. కాని వార్డెను సంతకము తల్లి సంతకమునకు బదులగునా, వద్దనుటకు వీలులేని పిల్ల సరేయనుట ఒప్పుకొనుటయేనా యని పట్టుపట్టి అడుగుట వైద్యుని పనిలోను, లెక్కలు వ్రాయువాని పనిలోను జారిపోవును. ఆ పనియే నీవు కోరుచున్న శాస్త్రము. ఔషధపరీక్షలను గూర్చిన 2019వ సంవత్సరపు నిబంధనలు ప్రతి నైతికసంఘమునందును కనీసము ఏడుగురు సభ్యులుండవలెననియు, అందొక సామాన్యుడు, ఒక స్త్రీ, ఒక న్యాయవేత్త యుండవలెననియు, సామాజిక శాస్త్రజ్ఞుడో తత్త్వవేత్తయో నీతిశాస్త్రజ్ఞుడో అట్టి మరియొకరుండవలెననియు విధించినవి. అది జీతపు కొలువు కాదు. అయినను ఆ కుర్చీలో తెలిసినవారు కూర్చున్నప్పటికిని, పేరునకు మాత్రము కూర్చున్నప్పటికిని గల భేదము రోగి దేహము మీదనే తేలును.

మీ బాగేపల్లి ఈ శాస్త్రమునకు కొత్త గాదు. అచటి కూలి సంఘపు కుటుంబములకు 5,500 బయోగ్యాస్ తొట్టెలు కట్టించు పథకము 2005లో, భూతాపమును గూర్చిన క్యోటో ఒడంబడిక ననుసరించి నమోదైనది. పేడను నీటితో కలిపి తొట్టిలో బోసి, పుట్టిన వాయువును గొట్టము ద్వారా పొయ్యికి తెచ్చుటచేత కట్టెలును కిరోసినును మిగులును, పొగ తగ్గును. ఆ తగ్గిన పొగకు లెక్క గట్టి, సంపన్న దేశములవారికి అమ్ముదురు. ఆ యింటి యిల్లాలి కన్నులకు పొగ తప్పినది, అది మేలే. కాని కూలిమనిషి మిగిల్చిన పొగను కొని, భాగ్యవంతుడు తన పొగను యథాప్రకారము వదలవచ్చునా? అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్‌గార్లు 1991లోనే ఢిల్లీ నుండి ఈ అన్యాయమును ప్రశ్నించిరి. బ్రదుకుటకై వెలువడు పొగను, భోగమునకై వెలువడు పొగను ఒక్క త్రాసున తూచరాదని హెన్రీ ష్యూ అను అమెరికా తత్త్వవేత్త 1993లో వాదించెను. బెంగుళూరు మురుగునీటిని రెండంచెలు శుద్ధిచేసి చిక్కబళ్ళాపురము జిల్లా చెరువులకు తరలించు హెబ్బాళ-నాగవార పథకమును గూర్చియు, మూడవ యంచె శుద్ధి లేనిదే అది తమకు నీరగునా, నగరపు బరువగునా యని రైతులు వాదించుచున్నారు. ఇవన్నియు నీ గడపలోనే యున్న నీతిప్రశ్నలు.

మీ అవ్వగారికి మాత్రము సత్యమే చెప్పుము. ఆమె మోకాలు వంగదు. ఫ్లోరైడు బిగించిన కీలును ఏ పరిశోధనయు సడలింపజాలదు. ఆమె నిన్నడిగినది వైద్యము కాదని నేననుకొందును. నీవు తీసికొన్నదానికి బదులేమిత్తువని యడిగినది. ఆ ప్రశ్న విని నీవు కలము నిలిపితివి. ఆ సంకోచమే నీకు ఈ శాస్త్రమున తొలి యోగ్యత. ఎదుటివాని దుఃఖమును తడబాటు లేక వ్రాసుకొనిపోవువాడు నీతిశాస్త్రమునకు పనికిరాడు.

నీ జాబులో నీవు నడుమ చెప్పి విడిచిన మాట యొకటి కలదు: క్యాను నీళ్ళు త్రాగుటకే, ముద్దకును పప్పునకును బోరునీళ్ళే యని. ఫ్లోరైడు కాచినందువలన పోవునది కాదు. నీరు ఇగిరిన కొలది చిక్కనగును. మంచినీరిచ్చితిమని లెక్క వ్రాసికొన్నవారు వంటనీటిని ఏ ఖాతాలో వేసిరి? రెండవ క్యానునకు మరి యైదు రూపాయలెవరిది, దానిని మోయు నడుమెవరిది? హద్దు లీటరునకు 1.5 మిల్లీగ్రాములని నిర్ణయించిన ప్రమాణము ఆ కుండలోని ముద్దను చూచినదా? బయటి పండితునికి ఈ ప్రశ్న తట్టుటకు ఏండ్లు పట్టును. నీకది వంటింటిలో దొరికినది.

అయితే ఆ యింట పుట్టితినను కారణముచేతనే నీకు మాట్లాడు అధికారము వచ్చినదని తలపకుము. అనుభవించినవారే సిద్ధాంతము చేయవలెనా, ఇతరులును చేయవచ్చునా యని గోపాల్ గురు, సుందర్ సారుక్కై అను పండితులిరువురు ‘ది క్రాక్డ్ మిరర్’ అను గ్రంథమున 2012లో సుదీర్ఘముగా వాదించుకొనిరి. ఇరువురును చెరియొక వైపున నిలిచి వాదించుటచేతనే ఆ గ్రంథము నీవంటివారికి అవశ్యపఠనీయము. నా మట్టుకు నేను చెప్పునదిది: పరుల కష్టమును గూర్చి మాట్లాడు హక్కు జన్మము వలన రాదు, పట్టా వలన రాదు, వారికి జవాబుదారిగా నుండుట వలననే వచ్చును. అట్లుండినంత కాలము నీవు తీసికొను జీతము న్యాయార్జితమే.

జవాబుదారిగా నుండుట యనగా నేమో స్పష్టముగా చెప్పెదను. మీ అవ్వగారి యొద్ద మరల కూర్చొని, ఈ మాటలు ఎచటికి పోవునో, ఎవరు చదువుదురో చెప్పి, అనుమతి అడుగుము. మనుమరాలికి చెప్పిన మాట వేరు, యూనివర్సిటీకి చెప్పిన మాట వేరు. ఆమె కాదన్నచో ఆ పుటలు చింపివేయుము. ఔనన్నచో, నీవు వ్రాసిన ప్రతి భాగమును సెమినారులో చదువుటకు ముందు మీ ఊరి రచ్చకట్ట మీద తెలుగున చదివి వినిపించుము. తప్పన్నవారి మాటను గూడ గ్రంథమున నెక్కించుము. పని ముగిసిన పిదప దాని సారమును కన్నడమున వ్రాసి గ్రామపంచాయతికిమ్ము, వంటనీటి మాట సభలో చర్చకు వచ్చువరకు విడువకుము. నీవు ఇంగ్లీషున వ్రాసిన వ్యాసము లోకమంతయు చదివినను, మీ ఊరు చదువనిచో పని సగమే జరిగినట్లు.

గడువు ముగియునప్పటికి ఫెలోషిప్పు రాలేదనుకొందము. అప్పుడు మామగారి మాట ప్రకారము బి.ఇడి.లో చేరుము, నిస్పృహ చెందకుము. న్యాయమేదని అడుగుటకు పిల్లలకు నేర్పిన ఉపాధ్యాయినియు ఈ శాస్త్రమునకు సేవ చేసినదే. పరీక్షకు మరల కూర్చుండుట నెవరును వారింపరు. ముందు మాత్రము, రాబోవు నెట్ పరీక్షకు దరఖాస్తు పెట్టుము, మూసిన నోటుపుస్తకమును తెరువుము.

శుభమస్తు.