తెలుగునాట పౌర గ్రంథాలయాలు

పరుల చేతికి వెళ్ళిన పుస్తకం పోయినట్లే లెక్క అని హెచ్చరించే సంస్కృత శ్లోకం ఒకటి పూర్వం పండిత కుటుంబాలలో చాలామందికి కంఠస్థమై ఉండేది. ఒకవేళ తిరిగి వచ్చినా నలిగో, చిరిగో వస్తుందని ఆ శ్లోకం చమత్కరిస్తుంది. ఈ మాటలో వినిపించేది లోభం కాదు, భయం. తాళపత్ర యుగంలో ఒక కావ్యానికి మరొక ప్రతిని సిద్ధం చేయాలంటే తాటాకులను శుద్ధి చేసి, సమంగా కత్తిరించి, గంటంతో ఒక్కొక్క అక్షరాన్నీ గీసి, మసి పూసి తుడవాలి. అంత శ్రమకోర్చి తయారుచేసిన ప్రతికి చెదలు, తేమ, నిప్పు నిత్యశత్రువులు. నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి తనను కాపాడమని, మూర్ఖుని చేతిలో పెట్టవద్దని పుస్తకమే మొరపెట్టుకుంటున్నట్లు లేఖకులు ప్రతుల చివర రాసుకోవడం ఒక సంప్రదాయం.

అందువల్ల పుస్తకాన్ని దాచడమే పుస్తకాన్ని రక్షించడంగా ఆనాటివారు భావించారు. నాయకరాజుల కాలంలో మొదలై, మరాఠా ప్రభువైన రెండవ శరభోజి కాలంలో మహోన్నత స్థితికి చేరిన తంజావూరు సరస్వతీమహల్ గ్రంథాలయం ఈ రక్షణ వల్ల నిలిచినదే. అక్కడి తాళపత్రాలు లేకపోతే దక్షిణాంధ్ర సాహిత్యంలో ఎంతో భాగం మనకు దక్కేది కాదు. అయితే ఆ భాండాగారం ఆనాడు ప్రభువులకూ వారి ఆస్థాన పండితులకూ ఉద్దేశించినది. ఊళ్ళలోని పండితుల ఇళ్ళలో అటకలమీద ఉన్న తాటాకు కట్టల సంగతి వేరు. వాటిని విప్పేవారు లేక పురుగులపాలైనవి ఎన్నో! పంతొమ్మిదో శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో సొంత ఖర్చుతో పండితులను నియమించుకుని, ప్రతులను సేకరించి, శుద్ధప్రతులు రాయించవలసి వచ్చిందంటే దానికి కారణం ఇదే. దాచిన పుస్తకం కూడా నశిస్తుంది.

పౌర గ్రంథాలయం దీనికి పూర్తిగా భిన్నమైన విశ్వాసంపై నిర్మితమైన సంస్థ. ముక్కూమొహం తెలియని మనిషికి పుస్తకం ఇచ్చి, అతడు చదివి తిరిగి తెస్తాడని నమ్మడం దాని మూలసూత్రం. అచ్చుయంత్రం వచ్చి ప్రతులు సులభంగా లభించడం వల్ల ఈ నమ్మకానికి వీలు కలిగింది. కాని వీలు కలిగినంత మాత్రాన నమ్మకం పుట్టదు. తెలుగునాట దానిని పుట్టించడానికి రెండు మూడు తరాలవారు శ్రమించారు. ఆ శ్రమకే గ్రంథాలయోద్యమం అని పేరు.

గోదావరి తీరంలోని రాజమహేంద్రవరంలో వడ్డాది సుబ్బారాయకవి పేరుతో వెలసిన వసురాయ గ్రంథాలయం, నాళం కృష్ణారావు నెలకొల్పిన గ్రంథాలయం ఏకమై గౌతమీ గ్రంథాలయంగా రూపొందాయి. అయితే గ్రంథాలయం ఒక జాతి ఆత్మగౌరవానికి ఆలంబనగా నిలిచిన తీరు తెలుసుకోవాలంటే మనం హైదరాబాదు వైపు చూడాలి.

నిజాం రాజ్యంలో తెలుగువారి సంఖ్య అధికమే అయినా పాలనలోనూ ఉన్నత విద్యలోనూ రాజ్యమేలింది ఉర్దూ. తెలుగు చదువుకునేందుకు బడులు అరుదు. ఇటువంటి పరిస్థితిలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం అవతరించింది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దీని స్థాపనకు మూలపురుషులు. తొలి రోజులలో దీనికి చోటిచ్చింది రావిచెట్టు రంగారావు గృహమే. మూడేళ్ళకు 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఏర్పడింది. పేర్లను గమనించండి. ఒకటి ఆముక్తమాల్యద రచించిన ప్రభువును, మరొకటి నన్నయను ఆదరించిన ప్రభువును స్మరిస్తుంది. తమ భాషకు రాజాదరణ కరువైనచోట ఆ స్థాపకులు ఒకప్పటి రాజాదరణను గ్రంథాలయాల గుమ్మాలపై నిలబెట్టుకున్నారు.

1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులలో కొందరు అవహేళన చేశారు. ఆ అవమానాన్ని సహించలేని తెలుగువారు కొద్దిమంది ఆ రాత్రే సమావేశమై ఆంధ్ర జనసంఘానికి బీజం వేశారు. కోపం చల్లారిన తరువాత ఆ సంఘం చేపట్టిన పనులేమిటో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: గ్రంథాలయాలు, పఠనమందిరాలు, పాఠశాలలు స్థాపించడం, తాళపత్రాలను, శాసనాలను సేకరించడం. అవమానానికి ఇంతకంటే హుందా అయిన సమాధానం ఉంటుందా? అప్పటికి రాజ్యంలో బహిరంగ సభలపై కఠినమైన ఆంక్షలు ఉండేవి. ముందుగా అనుమతి పొందనిదే సభ జరుపుకోవడానికి వీలులేదు. గ్రంథాలయ వార్షికోత్సవం అంటే అధికారుల అనుమానం కొంత తగ్గేది. అందుచేత పత్రిక చదవడానికి వచ్చినవారే అక్కడ లోకం పోకడ చర్చించుకునేవారు. వట్టికోట ఆళ్వారుస్వామి వంటి కార్యకర్తలు పుస్తకాలను మోసుకుంటూ ఊరూరా తిరిగి పాఠకులను తయారుచేశారు. తెలంగాణలో తరువాత వచ్చిన ప్రజాచైతన్యానికి ఈ గ్రంథాలయాలు తొలి పాఠశాలలు.

కోస్తా ప్రాంతంలో ఈ కృషికి సంఘటిత రూపం ఇచ్చినవారు అయ్యంకి వెంకట రమణయ్య. 1914 ఏప్రిల్‌లో బెజవాడలోని రామమోహన గ్రంథాలయం వేదికగా ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగి, గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటి నుంచీ చూపు మందగించిన ఆ కవి ఇతరులు చదివి వినిపించగా విని ఎంతో పాండిత్యం సంపాదించారు. గ్రంథాలయ సభకు ఆయనకంటే తగిన అధ్యక్షుడు దొరకడని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆనాటి గ్రామ గ్రంథాలయానికి వచ్చినవారిలో చాలామంది చదవలేనివారే. సాయంకాలం ఒకరు బిగ్గరగా వార్తాపత్రిక చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినేవారు. ఉద్యమానికి దీర్ఘకాలం అండగా నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్యనూ గ్రంథాలయాన్నీ విడదీయరాని జంటగా భావించడంలోని ఔచిత్యం ఇదే. అయ్యంకివారు ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రికను నడిపి, దేశమంతటా ఈ భావాన్ని వ్యాపింపజేశారు. 1972లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

ఉద్యమకారులలో మరొక విశిష్ట వ్యక్తి పాతూరి నాగభూషణం. గుంటూరు జిల్లా పెదపాలెం ఆయన కార్యస్థానం. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆ రోజులలో ప్రయాణాలు ఎక్కువగా కాలువల మీద పడవలలోనే సాగేవి. పడవ ప్రయాణం ఎంత నెమ్మదిగా ఉండేదో నేటి యువతరం ఊహించలేదు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగే మనుషులు. లాకుల దగ్గర గంటల తరబడి నిరీక్షణ. ఆ కాలమంతా ప్రయాణికులు ఏం చేస్తారు? ఊసుపోక కబుర్లు, కునుకుపాట్లు. నాగభూషణం గారు ఆ వృథాకాలాన్ని చదువుకాలంగా మార్చదలచారు. 1935లో కొల్లూరుకూ పెదవడ్లపూడికీ నడుమ కాలువపై సాగే పడవలో పుస్తకాలు పెట్టించి, పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. ఎక్కినవారు పుస్తకం తీసుకుని చదువుకోవచ్చు. దిగేటప్పుడు తిరిగి ఇవ్వాలి. పాఠకుడు గ్రంథాలయానికి రాలేనప్పుడు గ్రంథాలయమే పాఠకుని దగ్గరకు వెళ్ళాలన్న సూత్రాన్ని ఇంతకంటే సూటిగా ఆచరణలో పెట్టినవారు అరుదు.

నేటి బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెం చేనేతకు పేరుపొందిన ఊరు. అక్కడ 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి చొరవతో యువకులు స్థాపించిన గ్రంథాలయమే సారస్వత నికేతనం. 1929లో మహాత్మాగాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ నేటికీ భద్రపరిచారు. సందర్శకులు చూసేది ఆ కర్రను. పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్ళేది మాత్రం అక్కడి పాత పత్రికల సంపుటాలను. వార్తాపత్రికను చదివి పారవేయడం లోకరీతి. ఆ ఊరివారు పారవేయలేదు. ఏటికేడు వరుసగా కట్టించి దాచారు. ఒక కవి తొలి పద్యం ఏ సంచికలో వెలువడిందో, ఒక వివాదం ఎవరి లేఖతో మొదలైందో తేల్చుకోవాలంటే ఈనాటికీ విశ్వవిద్యాలయాలవారు ఆ చిన్న ఊరికి ప్రయాణం కట్టవలసిందే. తంజావూరు ప్రభువులు చేసిన రక్షణకార్యం ఇక్కడ సామాన్యులు చేశారు. పైగా తలుపులు తెరిచి ఉంచి చేశారు.

ఉద్యమాన్ని కీర్తించే ఉత్సాహంలో ఒక సత్యాన్ని మరుగుపరచకూడదు. గుడి మండపంలోనో, ఒకరి ఇంటి అరుగుమీదనో నడిచే పఠనాలయానికి ఊరిలోని అందరూ నిస్సంకోచంగా రాగలిగేవారని చెప్పలేం. గుడిలోకే ప్రవేశం లేనివారు గుడి మండపంలోని బీరువా దగ్గరకు ఎలా వస్తారు? స్త్రీలకు ఇంటికి పుస్తకాలు తెచ్చిపెట్టే ఏర్పాటు ఉంటే తప్ప చదువుకునే వీలు లేదు. దాత ఎంతటి ఉదారుడైనా అది దాత గ్రంథాలయమే.

ఈ లోపాన్ని సరిచేసే అవకాశం చట్టం వల్ల కలిగింది. స్వతంత్ర భారతదేశంలో తొలి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం సొంత చట్టం చేసుకుంది. ఉభయ ప్రాంతాలకు వర్తించే ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో ఏర్పడింది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ఆ సొమ్ముతో జిల్లా గ్రంథాలయ సంస్థలను నడపడం దీని ప్రధాన విధానం. దీని అంతరార్థాన్ని గ్రహించాలి. పూరింటి యజమాని చెల్లించిన పన్నులోనూ కొంత భాగం పుస్తకంగా మారుతుంది. ఆ ఇంటి బిడ్డ గ్రంథాలయంలోకి అడుగుపెట్టినప్పుడు ‘నీవు ఎవరి తాలూకు?’ అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

చట్టం వల్ల నిధి సమకూరింది, ఉద్యోగులు వచ్చారు. కాని గ్రంథాలయం ప్రభుత్వానిదైన కొద్దీ ఊరి యువకుల చేయి దానినుంచి తొలగిపోయింది. పన్ను వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ మొత్తాన్ని సకాలంలో జమచేయకపోవడం చిరకాలంగా వినవస్తున్న ఫిర్యాదు. కొత్త పుస్తకాలు రాని బీరువా పాఠకుణ్ణి ఎక్కువకాలం నిలుపుకోలేదు.

అలాగని పఠనమందిరాలు నిర్మానుష్యంగా ఉన్నాయనుకోవద్దు. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి చూడండి. పోటీపరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు సొంత పుస్తకాలు తెచ్చుకుని గంటల తరబడి చదువుకుంటూ కనిపిస్తారు. గ్రంథాలయం వట్టి బల్లకుర్చీల స్థలమైపోయిందని నిట్టూర్చే పెద్దలున్నారు. ఒకే గదిలో నలుగురూ నివసించే ఇంటినుంచి వచ్చిన విద్యార్థినికి నిశ్శబ్దమైన ఒక బల్ల, ఒక దీపం, తల పైన తిరిగే ఒక పంకా ఎంతటి సంపదో ఆ పెద్దలు మరచిపోతున్నారు. నిజాం కాలంలో పత్రిక చదివే నెపంతో భాషానిలయానికి వచ్చినవారు క్రమంగా పుస్తకాలవైపు తిరిగినట్లే, వీరిలో కొందరైనా పరీక్ష ముగిసిన మరునాడు బీరువావైపు తిరగవచ్చు. తిరిగేలా బీరువాను నింపి ఉంచడం గ్రంథాలయ నిర్వాహకుల బాధ్యత.

అంతర్జాలం ఉండగా గ్రంథాలయమెందుకనే ప్రశ్న కూడా వినిపిస్తున్నది. వేలాది పాత తెలుగు పుస్తకాల ప్రతిబింబాలు నేడు కంప్యూటరులో దొరుకుతున్నమాట నిజమే. అవి అక్కడికి ఎలా చేరాయి? ఎవరో కొని, ఎవరో అట్ట వేయించి, చెదల నుంచి కాపాడిన ప్రతులే ప్రతిబింబాలయ్యాయి. ఆ ప్రతులలో ఎన్నింటిమీదనో గ్రంథాలయాల గుండ్రని ముద్రలు నేటికీ కనిపిస్తాయి.

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక పాత నవలనో, కావ్యాన్నో తీసుకుని చివరి అట్ట లోపల అతికించిన కాగితాన్ని ఒకసారి చూడండి. పుస్తకాన్ని తిరిగి ఇవ్వవలసిన తేదీలు దానిమీద వరుసగా ముద్రించి ఉంటాయి. అన్నిసార్లు అది పరుల చేతికి వెళ్ళింది. అన్నిసార్లూ తిరిగి వచ్చింది.