పాఠం 17 : కొత్త కాపురం, పరాయి ఊరు, తొలి క్రిస్మస్

17.1 ఉపోద్ఘాతం

పెళ్ళైన తర్వాత వచ్చే మొదటి పండుగకు కూతురినీ అల్లుడినీ ఇంటికి పిలవడం తెలుగువారి ఆనవాయితీ. కొన్ని ఇళ్ళలో ఆ పండుగ దీపావళి, కొన్ని ఇళ్ళలో సంక్రాంతి. క్రైస్తవ కుటుంబాల్లో చాలాచోట్ల అది క్రిస్మస్. అల్లుడికి కొత్త బట్టలు పెడతారు. కూతురి కోసం పిండివంటలు చేస్తారు. చుట్టాలు వస్తారు.

మరి ఆ కొత్త దంపతులు వేల మైళ్ళ దూరంలో ఉంటే? సెలవు దొరకకపోతే? డిసెంబరులో విమానం టిక్కెట్టు ధర అందకుండా పోతే? అప్పుడు పండుగ ఎవరు చేయాలి, ఎలా చేయాలి? ఈ పాఠంలో ఆ సంగతే తెలుసుకుందాం. మీరు క్రైస్తవులు కాకపోయినా, మీ ఊరు దాటి వెళ్ళకపోయినా ఈ పాఠం మీకు పనికివస్తుంది. పెళ్ళి అయినవారందరికీ రెండు ఇళ్ళ అలవాట్లను ఒక ఇంట్లో కలపవలసిన అవసరం వస్తుంది కదా!

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఆచారాలు ఎందుకు పుడతాయో, ఎలా మారతాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు;
• జర్మనీలో క్రిస్మస్ ఎలా జరుపుకుంటారో వివరించగలుగుతారు;
• అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకునే పద్ధతిని చెప్పగలుగుతారు;
• ఇంటికి ఉత్తరం రాయగలుగుతారు;
• చేదర్థక, అప్యర్థక క్రియలను గుర్తించగలుగుతారు.

17.3 ఒక జంట, రెండు పండుగలు

ఒక జంటను ఊహించుకోండి. అమ్మాయిది గుంటూరు. అబ్బాయిది మెదక్. ఆగస్టులో పెళ్ళయింది. అబ్బాయికి జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఉద్యోగం. అక్టోబరులో ఇద్దరూ అక్కడ కాపురం పెట్టారు. కొత్త ఉద్యోగం కనుక డిసెంబరులో ఇండియాకు వచ్చేంత సెలవు లేదు.

గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘం పాతది. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి పని మొదలుపెట్టాడు. ఆయన జర్మనీలో పుట్టినవాడే. అమెరికాలోని లూథరన్ల తరఫున ఇక్కడికి వచ్చాడు. మెదక్‌లోని పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అంటే అక్కడివారికి క్రిస్మస్ రోజే ఆ చర్చి పుట్టినరోజు కూడా. ఈ ఇద్దరిలో ఒకరు ఆ సంఘంలో, ఒకరు ఈ చర్చి నీడలో పెరిగారు. ఇద్దరిదీ ఒకే మతం, ఒకే భాష. అయినా పండుగ మాట వచ్చేసరికి ఏం జరిగిందో చదవండి.

భార్య : ఏవండీ, 24 రాత్రి ఆరాధనకు వెళ్ళకపోతే నాకు పండుగ చేసినట్టే ఉండదు. అర్ధరాత్రి గంట కొట్టాలి, అందరం చేతులు కలుపుకోవాలి.
భర్త : మా ఇంట్లో రాత్రి తొందరగా పడుకుంటాం. తెల్లవారుజామున లేచి, తలస్నానం చేసి, చీకటితోనే చర్చికి పోతాం. నాకు అదే పండుగ.
భార్య : అరిసెలైనా చేద్దామా?
భర్త : అరిసెలెందుకు? గరిజెలు చెయ్యి.
భార్య : గరిజెలంటే?
భర్త : కొబ్బరి, చక్కెర లోపల పెట్టి, అంచు మడిచి, నూనెలో వేయిస్తారు చూడు. మా దిక్కు వాటిని గరిజెలంటారు.
భార్య : కజ్జికాయలా! అవి మేమూ చేస్తాం.

ఇద్దరూ నవ్వుకున్నారు. కాని ఆ నవ్వుతో సమస్య తీరలేదు. రాత్రా, తెల్లవారుజామా? ఎవరి ఇంటి పద్ధతి అసలైన పండుగ? మరునాడు గుంటూరు నుంచి అమ్మ ఫోను చేసి, "మీరు లేని పండుగ మాకెందుకు? ఈ ఏడు నక్షత్రం కూడా కట్టం" అంది. అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు.

పాఠగత ప్రశ్నలు – 1
1. భార్యాభర్తల మధ్య అభిప్రాయభేదం దేని గురించి?
2. కజ్జికాయలను మెదక్ ప్రాంతంలో ఏమంటారు?
3. అమ్మ మాటలో ఉన్నది కోపమా, దిగులా? మీరెందుకు అలా అనుకుంటున్నారు?

17.4 ఆచారాలు ఎలా పుడతాయి?

"మా ఇంట్లో ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం" అంటూ ఉంటాం. కాని ప్రతి ఆచారాన్నీ ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక అవసరం కోసం మొదలుపెట్టి ఉంటారు. హాంబర్గ్ నగరం నుంచే ఒక ఉదాహరణ చూద్దాం.

1833లో యోహాన్ హిన్రిక్ విచెర్న్ అనే ఆయన ఆ నగరంలో పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం ప్రారంభించాడు. డిసెంబరు వచ్చిందంటే పిల్లలు రోజూ "క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులుంది?" అని అడిగేవారట. దానికి 1839లో ఆయన ఒక ఉపాయం చేశాడు. ఒక బండి చక్రం తీసుకొని, దానిమీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు అమర్చాడు. మామూలు రోజున ఒక చిన్న కొవ్వొత్తి, ఆదివారం నాడు ఒక పెద్ద కొవ్వొత్తి వెలిగించేవారు. ఆ ఏడు డిసెంబరు 1 ఆదివారం. అప్పటినుంచి 24వ తేదీ వరకు 24 రోజులు, అందులో 4 ఆదివారాలు. లెక్క సరిపోయింది కదా! వెలిగించనివి లెక్కపెడితే పండుగ ఎన్ని రోజులుందో పిల్లలకే తెలిసిపోయేది.

తర్వాత ఈ పద్ధతి ఇళ్ళలోకి వచ్చింది. ఇంట్లో బండి చక్రం పట్టదు. అందుకని పచ్చని కొమ్మలు గుండ్రంగా చుట్టి, నాలుగు కొవ్వొత్తులు మాత్రమే పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు జర్మనీలో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఈ కొవ్వొత్తులను ఒక్కొక్కటిగా వెలిగిస్తారు.

రెండో ఉదాహరణ మనకు దగ్గరిది. డిసెంబరులో మన ఊళ్ళలో క్రైస్తవుల ఇళ్ళముందు కాగితపు నక్షత్రం వేలాడుతుంది. జర్మనీలోనూ ఇలాంటి నక్షత్రం ఒకటి ఉంది. మొరేవియన్ సంఘంవారి బడుల్లో 19వ శతాబ్దపు తొలి దశకాల్లో లెక్కల పాఠం కోసం పిల్లలచేత కోణాలు కొలిపించి కాగితపు నక్షత్రాలు చేయించేవారు. దూరదేశాల్లో మిషనరీలుగా పనిచేసేవారి పిల్లలు కూడా ఆ బడుల్లో ఉండి చదువుకొనేవారు. అమ్మానాన్నలకు దూరంగా ఉన్న పిల్లల చేతుల్లో లెక్కల పాఠం పండుగ దీపమయింది.

ఈ రెండు ఉదాహరణల్లో ఉన్న పోలికను గమనించండి. మొదటిది ఎదురుచూపు కోసం వచ్చింది. రెండోది బడిపనిగా మొదలై పండుగలో కలిసింది. రెండూ చేతిలో ఉన్న వస్తువులతో చేసినవే. మొదలుపెట్టినవారు "మేము సంప్రదాయం సృష్టిస్తున్నాం" అనుకొని ఉండరు. తర్వాతివారికి నచ్చి, మళ్ళీ మళ్ళీ చేయడంవల్ల అవి సంప్రదాయాలయ్యాయి.

పాఠగత ప్రశ్నలు – 2
1. విచెర్న్ చక్రం మీద మొత్తం ఎన్ని కొవ్వొత్తులున్నాయి?
2. ఇళ్ళలోకి వచ్చేసరికి చక్రంలో వచ్చిన మార్పు ఏమిటి?

17.5 ఆ ఊరి పద్ధతులు తెలుసుకోవాలి

కొత్త చోట పండుగ చేయాలంటే ముందుగా ఆ ఊరి తీరు తెలుసుకోవాలి. లేకపోతే ఇబ్బంది పడతాం.

జర్మనీలో ముఖ్యమైన ఘడియ 24వ తేదీ సాయంత్రం. చెట్టు దగ్గర కానుకలు ఇచ్చిపుచ్చుకొనేది అప్పుడే. చాలా ఇళ్ళలో ఆ రాత్రి భోజనం బంగాళాదుంపల సలాడు, సాసేజి. అంత తేలిక వంట! బాతు వంటి పెద్ద వంటకాలు 25న. 24 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతానికి దుకాణాలు మూసేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవే. కాబట్టి బియ్యం, నూనె, మందులు ముందే తెచ్చిపెట్టుకోవాలి. హాంబర్గ్‌లో ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. రాత్రి పది దాటితే అపార్టుమెంట్లలో చప్పుడు చేయకూడదు. మన ఊళ్ళో లాగా డోలక్కు వాయిస్తూ, తెల్లవార్లూ ఇంటింటికీ తిరిగి పాటలు పాడడం అక్కడ కుదరదు.

గడియారం లెక్క కూడా తెలియాలి. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. గుంటూరులో అర్ధరాత్రి 12 అయితే హాంబర్గ్‌లో రాత్రి 7:30. మెదక్‌లో తెల్లవారుజామున 4:30 అయితే హాంబర్గ్‌లో అర్ధరాత్రి 12.

ఈ లెక్క వేయగానే ఆ దంపతులకు ఒక సంగతి తట్టింది. ఇద్దరి పండుగలూ ఒకే రాత్రిలో పడతాయి!

17.6 మూడు గడుల కాగితం

వాళ్ళు ఒక కాగితం మీద మూడు గడులు గీశారు. "తప్పక ఉండాలి", "ఉంటే బాగుంటుంది", "ఈసారికి వద్దు" అని పైన రాశారు. మొదటి గడిలో ఒక్కొక్కరు రెండేసి మాత్రమే రాయాలని నియమం పెట్టుకున్నారు. ఒకరు రాసినదాన్ని మరొకరు కొట్టివేయకూడదు.

తప్పక ఉండాలి : ఆమె రాసినవి నక్షత్రం, అర్ధరాత్రి ఆరాధన. అతను రాసినవి తెల్లవారుజామున అమ్మానాన్నలతో మాట్లాడడం, పొరుగువారికి పిండివంట పంచడం.
ఉంటే బాగుంటుంది : కొత్త బట్టలు, కోడిపలావు, ఆ ఊరి నాలుగు కొవ్వొత్తుల చక్రం.
ఈసారికి వద్దు : అరిసెలు (తడి బియ్యప్పిండి కొట్టడం అక్కడ కష్టం), చెట్టు, ఖరీదైన కానుకలు.

చివరికి ఇలా నిర్ణయించుకున్నారు. మొదటి ఆదివారం కిటికీలో నక్షత్రం కడతారు. లోపల కొవ్వొత్తి కాదు, విద్యుత్ బల్బు. కాగితం దగ్గర మంట ప్రమాదం. 24న మధ్యాహ్నం లోపల కజ్జికాయలు పొరుగువారికి పంచుతారు. రాత్రి 7:30కి గుంటూరు ఆరాధనను ఫోనులో చూస్తారు. 12 గంటలకు మెదక్ ఇంటికి వీడియో కాల్ చేస్తారు. 25న భోజనానికి, ఇంటికి వెళ్ళలేకపోయిన ఒక తెలుగు విద్యార్థిని పిలుస్తారు.

ఈ చివరిది గుంటూరు పద్ధతీ కాదు, మెదక్ పద్ధతీ కాదు. అది వాళ్ళ సొంతం.

17.7 అమ్మకు ఉత్తరం

హాంబర్గ్,
డిసెంబరు 2.

అమ్మకు,

మేమిద్దరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది?

నువ్వు నక్షత్రం కట్టనన్నావు. ఆ మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదమ్మా. మేం రాలేకపోయినా పండుగ ఆగకూడదు. మీరు నక్షత్రం కడితే, ఇక్కడ మా కిటికీలో ఉన్నది ఒంటరిగా ఉన్నట్టు అనిపించదు. మొన్న ఆదివారం మేమూ కట్టాం. ఆయన కుర్చీ ఎక్కి కడుతుంటే నాన్న గుర్తొచ్చారు.

24న మీ ఆరాధన ఫోనులో చూస్తాం. తమ్ముణ్ణి ముందు వరసలో కూర్చోమను. ఆ తర్వాత అత్తయ్యగారితో, మామయ్యగారితో మాట్లాడతాం. ఆవిడ కూడా నీలాగే దిగులుగా ఉన్నారు. వీలైతే ఒకసారి వదినగారికి ఫోను చెయ్యమ్మా. మా వాటా అరిసెలు ఆ రోజు ఎదురింటివాళ్ళ పిల్లలకు పెట్టు.

వచ్చే ఏడు వస్తామని మాట ఇవ్వలేను. ప్రయత్నం చేస్తాం.

నీ కూతురు.

ఉత్తరాన్ని మరొకసారి చదవండి. అమ్మ దిగులును కూతురు కాదనలేదు. "తప్పకుండా వస్తాం" అని అబద్ధపు ఆశా పెట్టలేదు. అమ్మ చేయగల చిన్న పనులు నాలుగు చెప్పింది. వియ్యపురాళ్ళిద్దరినీ కలిపింది. దూరాన ఉన్నవారికి ఓదార్పు మాటకంటే చేయడానికి ఒక పని ఇవ్వడం ఎక్కువ మేలు చేస్తుంది.

17.8 భాషాంశాలు

(అ) చేదర్థకం : "మీరు నక్షత్రం కడితే..." ఇక్కడ ఒక పని జరగడం మరొక పనికి షరతు. ఇలాంటి క్రియ చేదర్థకం.

(ఆ) అప్యర్థకం : "మేం రాలేకపోయినా పండుగ ఆగకూడదు." ఇక్కడ మొదటిది అడ్డంకి అయినా రెండోది జరగాలి. ఇలాంటి క్రియ అప్యర్థకం.

(ఇ) సామెత : "ఇల్లలకగానే పండుగ కాదు." పని మొదలుపెట్టినంత మాత్రాన పూర్తయినట్టు కాదని దీని భావం.

పాఠగత ప్రశ్నలు – 3
కింది వాక్యాల్లో క్రియ చేదర్థకమా, అప్యర్థకమా?
1. సెలవు దొరికితే ఊరికి వెళ్తాం.
2. వాన కురిసినా చర్చి నిండిపోయింది.

17.9 మీరు నేర్చుకున్నవి

• ఆచారాలు అవసరం నుంచి పుడతాయి, చోటునుబట్టి మారతాయి.
• కొత్త ఊళ్ళో ముందుగా అక్కడి పద్ధతులు, సెలవులు, నియమాలు తెలుసుకోవాలి.
• రెండు ఇళ్ళ పద్ధతులు కలిపేటప్పుడు ఎవరికి ఏది ముఖ్యమో ముందుగా అడగాలి. అన్నీ ఉంచడం సాధ్యం కాదు, అన్నీ వదలనక్కరలేదు.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. "ఎవరు రాసినదాన్నీ మరొకరు కొట్టివేయకూడదు" అనే నియమం ఎందుకు మంచిది? ఐదు వాక్యాల్లో రాయండి.
2. మీ ఇంట్లో ఉన్న ఒక ఆచారం ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో పెద్దలను అడిగి రాయండి.
3. మీరు ఒక పండుగకు ఇంటికి వెళ్ళలేకపోయారనుకోండి. అమ్మకో, అత్తకో ఉత్తరం రాయండి. వారు చేయగల పని ఒక్కటైనా అందులో ఉండాలి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1) 1. పండుగ రాత్రి ఆరాధనతో చేయాలా, తెల్లవారుజామున చేయాలా అనే విషయం గురించి. 2. గరిజెలు. 3. దిగులు. కారణం మీ మాటల్లో రాయండి.
2) 1. 24. 2. బండి చక్రానికి బదులు పచ్చని కొమ్మల చుట్ట వచ్చింది. కొవ్వొత్తులు నాలుగే మిగిలాయి.
3) 1. చేదర్థకం. 2. అప్యర్థకం.