ముందు కాళ్లూనుకోండి, తర్వాత తేల్చుకోండి

సమస్య



మాది గుంటూరు. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాను. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు, పౌరసత్వం అన్నీ అక్కడే అమరాయి. టెక్సస్‌లో డాలస్ పక్కన ప్లేనోలో పదేళ్లకు పైగా ఉన్నాం. పోయిన వేసవిలో మావారిని కంపెనీ వాళ్లు ఇంగ్లండ్‌కి, లీడ్స్‌కి బదిలీ చేశారు. బాబుకి ఎనిమిదేళ్లు. వాడికీ లోకం తెలుస్తుంది, మనమూ నాలుగు ఊళ్లు తిరగొచ్చు అని ఇద్దరం సంతోషంగానే బయల్దేరాం. నేను ఉద్యోగం మానేశాను. ప్లేనో ఇల్లు అద్దెకిచ్చాం.

ఇక్కడికొచ్చాక నేను నాలా లేను. అక్కడ బిల్లులు, పన్నులు, బాబు బడి, డాక్టరు, బజారు పనులు అన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. ఇక్కడ ప్రతిదానికీ ఆయన మీద ఆధారపడాల్సి వస్తోంది. అన్నేళ్లు జాగ్రత్తగా పెంచుకున్న క్రెడిట్ స్కోరు ఇక్కడ లెక్కలోకి రాదట. జీతం ఆయనకే కాబట్టి ఫోను కాంట్రాక్టు కూడా ఆయన పేరు మీదే తీసుకున్నాం. కారు నడపాలంటే భయం. ఎడమ పక్క నడపడం, సన్నటి రోడ్లు, అడుగడుగునా రౌండబౌట్లు. డిసెంబరులో మధ్యాహ్నం మూడుముప్పావుకే పొద్దు గుంకేది. బాబు బడి నుంచి వచ్చేసరికి లైట్లు వేసుకోవాల్సిందే.

తిరగడం లేదని కాదు. ఎడిన్‌బరో, లేక్ డిస్ట్రిక్ట్, లండన్ చూశాం. అక్కడున్నంత సేపూ హాయిగా ఉంటాను. లీడ్స్‌కి తిరిగి రాగానే మళ్లీ అదే దిగులు.

ఇంకో బాధ ఉంది. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే అమెరికా నుంచి అంటాను. 'కాదు, అసలు ఎక్కడి నుంచి?' అని మళ్లీ అడుగుతారు. గుడిలో కలిసే మనవాళ్లకేమో నేను 'అమెరికా ఆవిడ'ని. నిరుడు నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబానికి ఇక్కడ ఓటుంది, నాకు లేదు. ఎవరి లెక్కలోనూ లేనట్టు అనిపిస్తోంది.

'అమెరికాకి అలవాటు పడ్డావు, దీనికి పడలేవా?' అంటారు మావారు. బాబు మాత్రం బడికి నడిచి వెళ్తూ, ఫుట్‌బాల్ ఆడుకుంటూ సంతోషంగా ఉన్నాడు. వాణ్ణి తీసుకుని ప్లేనో వెళ్లిపోదామా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. ఈ మాట ఆయనతో ఇంకా అనలేదు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, లీడ్స్

సలహా

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డాలస్‌లో వదిలొచ్చిన స్నేహితుల గురించి గానీ, ఇంటి గురించి గానీ మీరు పెద్దగా రాయలేదు. రాసిందంతా అక్కడ మీరు చేయగలిగిన పనుల గురించి. మీకు డాలస్ మీద ఉన్న బెంగ కంటే, ఒక ఇంటిని సొంతంగా నడిపించిన మనిషికి ఆ పని చేజారిన బాధే ఎక్కువని నాకు అనిపిస్తోంది. మీవారు 'అలవాటు' అంటున్నది అందుకే మీ మనసుకి ఎక్కడం లేదు. పని చేతికి రాకుండా అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి వెళ్లాలా, ఉండాలా అన్నది ఇవాళ తేల్చకండి. ముందు పనులు ఒక్కొక్కటిగా చేతిలోకి తెచ్చుకోండి.

మొదటిది డ్రైవింగ్. దీనికి గడువుంది, అందుకే ముందు చెబుతున్నాను. అమెరికా లైసెన్సుతో బ్రిటన్‌లో స్థిరపడిన రోజు నుంచి 12 నెలలే నడపనిస్తారు. కొన్ని దేశాల లైసెన్సులు మార్చి ఇస్తారు గానీ అమెరికాది మార్చరు. ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని థియరీ, రోడ్డు పరీక్షలు రెండూ పాసవ్వాల్సిందే. థియరీలో 50 ప్రశ్నలకు 43 సరిగ్గా రావాలి, వీడియోలు చూసి ప్రమాదాలు పసిగట్టే భాగంలో 75కి 44 రావాలి. రోడ్డు పరీక్షకు తేదీ దొరకడానికే చాలాచోట్ల నెలలు పడుతోంది, కాబట్టి దరఖాస్తు ఈ వారమే పెట్టండి. ఆటోమేటిక్ కారులో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. మీకు అది చాలు. రౌండబౌట్ల భయం పోవడానికి భర్త పక్కన కూర్చుని నేర్పడం కంటే డబ్బిచ్చి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకోవడం మేలు. ఇద్దరి మధ్యా మాటలు తూలకుండా ఉంటాయి.

రెండోది డబ్బు. మీ పేరు మీద ఒక ఖాతా, చిన్న పరిమితితో ఒక క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టేయండి. కొత్త చరిత్ర అలాగే మొదలవుతుంది. ఇంటి పన్నుల పని కూడా తిరిగి మీరే పట్టండి, ఎందుకంటే అది మీ ఇద్దరికీ చాలా అవసరం. అమెరికా పౌరులు ఏ దేశంలో ఉన్నా అమెరికాకి ఏటా రిటర్ను వేయాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకి జూన్ 15 దాకా గడువుంటుంది. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వాటి వివరాలు విడిగా తెలపాలి. బ్రిటన్‌లో పన్ను లేదని అందరూ తీసుకునే ఐసా ఖాతాకి అమెరికా లెక్కలో ఆ మినహాయింపు లేదు. ఇవన్నీ తెలిసిన అకౌంటెంటుతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. బ్రిటన్‌లో కట్టిన పన్నుకి సాధారణంగా అమెరికాలో తగ్గింపు వస్తుంది గానీ, రిటర్ను మానేస్తే ఊరుకోరు. ఈ పని ఏ ఉద్యోగానికి తక్కువ?

మూడోది ఒళ్లు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. డాలస్ 33 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, లీడ్స్ దాదాపు 54 దగ్గర. శీతాకాలం చీకటికి మనసు కుంగడం మీ బలహీనత కాదు. శరదృతువు, చలికాలాల్లో రోజూ 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవడం గురించి ఆలోచించమని బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అందరికీ చెబుతుంది. మనలాంటి చర్మఛాయ ఉన్నవాళ్లయితే ఏడాది పొడవునా. దిగులు రోజుల తరబడి వదలకపోతే మీ జీపీ డాక్టరుకి చెప్పండి. ఇంగ్లండ్‌లో టాకింగ్ థెరపీస్ సేవకి డాక్టరు చీటీ లేకుండా మీరే నేరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది. డిసెంబరు ఒక్కటే చూసి ఆ ఊరి గురించి తీర్పు చెప్పేయకండి.

వంటింటి మాట కూడా చెప్పనివ్వండి. అమెరికా కరెంటు 120 వోల్టులు కాబట్టి అక్కడి మిక్సీ బ్రిటన్‌లో పనికిరాదు. బ్రిటన్‌దీ మన దేశానిదీ ఒకే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గుంటూరు నుంచి ఎవరైనా వస్తుంటే మిక్సీ తెప్పించుకోండి, ప్లగ్గు ఒక్కటి మారిస్తే చాలు. పచ్చడి మీ రుచికి కుదిరిన రోజు ఇల్లు మీదవుతుంది.

ఇక ఓటు, గుర్తింపు. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటే అక్కడి ఎన్నికల్లో ఓటేయొచ్చు. భారత్ కామన్వెల్త్‌లో ఉంది, అమెరికా లేదు. అంతే తేడా, మీ మీద చిన్నచూపు కాదది. మీ ఓటు టెక్సస్‌లో బతికే ఉంది. విదేశాల్లో ఉండే పౌరులు ఏటా ఫెడరల్ పోస్ట్ కార్డ్ దరఖాస్తు పంపితే, ఫెడరల్ ఎన్నికలకి 45 రోజుల ముందే బ్యాలెట్ పంపుతారు. దాన్ని వదులుకోకండి. 'అసలు ఎక్కడి నుంచి?' అని అడిగినవాళ్లకి 'పుట్టింది గుంటూరు, బతికింది టెక్సస్' అని నిండుగా చెప్పండి. రెండూ నిజమే. రెండూ మీరు కష్టపడి నిలుపుకున్నవే. ఎవరో ఒకదాన్నే ఒప్పుకుంటే రెండోది మీకు పోదు.

ప్రయాణాల గురించి ఒక్క మాట. ఇప్పటిదాకా చూసిన ఊళ్లు ఎవరు ఎంచారో మీరు రాయలేదు. ఈసారి ఊరు మీరు ఎంచండి, రైలు టిక్కెట్లు మీరే తీయండి. లీడ్స్‌లో ఎక్కితే సెటిల్ మీదుగా కార్లైల్ దాకా వెళ్లే దారి ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన రైలు దారుల్లో ఒకటి. 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన దగ్గర దిగి బాబుతో నడవండి. రైతుల పొలాల మధ్య నుంచి కూడా అక్కడ జనం నడిచే హక్కున్న కాలిబాటలుంటాయి. టెక్సస్‌లో ఎక్కడ చూసినా సొంత స్థలం అన్న బోర్డుల మధ్య పెరిగిన పిల్లాడికి అది కొత్త స్వేచ్ఛ. లండన్ మళ్లీ వెళ్తే బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూపించండి. ప్రవేశం ఉచితం. మీ కృష్ణా తీరపు రాయి మీద మీ పూర్వీకులు చెక్కిన కథలు వాడికి చెప్పగలిగేది మీ ఇంట్లో మీరే. పండక్కి గుంటూరు వెళ్లాలంటే మాత్రం బడి సెలవులు చూసుకోండి. అనుమతి లేకుండా అయిదు రోజులు మాన్పిస్తే ఇంగ్లండ్‌లో తల్లికి, తండ్రికి విడివిడిగా 80 పౌండ్ల జరిమానా పడొచ్చు.

చివరగా, మీ మనసులో ఉన్న ఆ మాట. ఆయనకి చెప్పకుండా బాబుని తీసుకుని బయల్దేరకండి. ఆయన అనుమతి లేకుండా పిల్లాణ్ణి దేశం దాటిస్తే అది కోర్టు దాకా పోయే విషయం, పైగా వాడి మనసుకి దెబ్బ. ఈ వారాంతంలోనే, వాడు నిద్రపోయాక, మీవారితో ఇలా చెప్పండి: 'వెళ్లిపోవాలని ఉంది. ఆగస్టు దాకా చూస్తాను. ఈలోగా డ్రైవింగ్, ఉద్యోగ ప్రయత్నం, ఇంటి లెక్కలు నావి. నాకు తీరిక దొరకాలంటే సాయంత్రాలు బాబు పని నీది.' మీ వీసాలో పనిచేసే హక్కు ఉందో లేదో చూసుకోండి. ఉద్యోగులతో వచ్చే భార్యాభర్తలకి మామూలుగా ఉంటుంది. ఆగస్టులో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అప్పుడు మీరు ప్లేనో అన్నా, లీడ్స్ అన్నా, అది దిగులుతో అన్నది కాకుండా తెలిసి అన్న మాట అవుతుంది. ఆయన కూడా ఆ మాటకి కట్టుబడాలి. ఆ ఒప్పందం ముందే చేసుకోండి.