పాత ఫోర్‌వీల్ జీపు ముందు హబ్బు విప్పేవాళ్లకు

ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లోని షెడ్లకు పాత మహీంద్రా ఫోర్‌వీల్ జీపులు ఇంకా వస్తూనే ఉన్నాయి. బోరు పనులకు, తోటలకు, క్వారీలకు తిరిగే బండ్లవి. ముందు చక్రం మోత పెడుతోందని వచ్చిన బండి హబ్బు విప్పితే ఎక్కువగా కనిపించేవి రెండే కారణాలు. ఒకటి సీలు దాటి లోపలికి పోయిన నీళ్లు, రెండోది పోయినసారి అంచనా తప్పి బిగించిన నట్టు. ఈ రెండూ చూసుకోకుండా ఎంత మంచి బేరింగు వేసినా డబ్బు దండగే.

ముందు నీళ్ల సంగతి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అలాంటి వానలో హబ్బు దాకా మునిగిన బండి, నీళ్లు తీశాక కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. లోపల మాత్రం గ్రీజు తెల్లబడి పలచనవుతుంది. రోలర్లు ఆనుకున్న చోటల్లా కప్పు మీద వరసగా తుప్పు గీతలు పడతాయి. మోత వినబడేది ఆ తర్వాతే. అంత వరద కూడా అక్కర్లేదు. వరంగల్ రోడ్డు మీద నడిచి కాగిన హబ్బు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీలు అంచు నుంచి నీటిని లాక్కుంటుంది. వాగు దాటినా అంతే, వాటర్ సర్వీసింగులో ప్రెషర్ పైపు హబ్బు మీద పెట్టినా అంతే. దానికి తోడు 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులతో ఏళ్ల తరబడి లేచిన దుమ్ము. ఆ సన్న ఇసుక గ్రీజులో కలిస్తే రోలర్లను అరగదీస్తుంది.

మోత వినగానే బేరింగే అని తేల్చేయకండి. ఎగుడుదిగుడుగా అరిగిన టైరూ అలాగే హోరుమంటుంది. ఖాళీ రోడ్డు మీద నడుపుతూ స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపు బేరింగును అనుమానించాలి. షెడ్డులోకి తెచ్చాక లివరు టూవీల్‌లో ఉంచి, లాకింగ్ హబ్బులుంటే ఫ్రీలో పెట్టండి. లేకపోతే డిఫరెన్షియల్ చప్పుడు కూడా కలిసి వినిపిస్తుంది. వెనక చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టాకే చెయ్యి పెట్టండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే అది బేరింగుది. తొక్కినా ఉంటే కింగ్ పిన్నుది. అర నిమిషం పట్టని ఈ పరీక్ష చేయక, కొత్త బేరింగులు వేసిన బండి అదే ఆటతో తిరిగి వస్తుంటుంది. కస్టమరుకు మన మీద నమ్మకం పోయేది అక్కడే.

డ్రమ్ము ఊడదీశాక లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరేయకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవండి. బేరింగును డీజిల్లో కడిగి ఆరనివ్వండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పడం కుర్రాళ్లకు సరదా కానీ, పంజరం విడిపోతే రోలరు ఎగిరి కంటికి తగులుతుంది. రోలర్లు నీలంగా మారితే వేడెక్కినట్టు, గుంటలు పడితే పని అయిపోయినట్టు. కోను మారిస్తే కప్పూ మార్చాల్సిందే. పాత కప్పులో కొత్త కోను ఎక్కువ కాలం నిలవదు. కప్పు దించేటప్పుడు ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొట్టండి. అడుగున పూర్తిగా కూర్చున్నప్పుడు దెబ్బ చప్పుడు మారుతుంది, చెవి పెట్టి వినండి.

లిథియం గ్రీజు, ఏపీ-3 రకం, అరచేతిలో తీసుకుని బేరింగు వెడల్పు అంచును దానిలోకి ఒత్తుతూ పోవాలి. అవతలి వైపు రోలర్ల సందుల్లోంచి గ్రీజు పైకి వచ్చేదాకా ఆపొద్దు. పైపైన పూసి ఎక్కించేస్తే లోపల ఎండుగానే ఉంటుంది. అలాగని హబ్బంతా కూరినా వేడెక్కి, సీలు తోసుకుని బ్రేకు లైనింగు మీదికి వస్తుంది. సీలు మాత్రం విప్పిన ప్రతిసారీ కొత్తదే. బేరింగు ధర ముందు అదొక లెక్కా?

ఇక నట్టు. ఈ జీపుల్లో రెండు నట్లు, మధ్యలో మడత వాషరు ఉంటాయి. వాటికి సరిపడే బాక్సు పానా కొనుక్కోండి. ఛెన్నీ పెట్టి సుత్తితో కొడితే నట్టు మూలలు చెడతాయి, ఎంత బిగిసిందో చేతికి తెలియదు. చక్రం తిప్పుతూ లోపలి నట్టును అది కాస్త పట్టేసే దాకా బిగించి, రోలర్లు కూర్చున్నాక సుమారు ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. పాత విల్లీస్ జీపు మాన్యువల్లో ఉన్న పద్ధతే ఇది. మీ మోడలుకు మాన్యువల్ వేరే కొలత చెబితే అదే పాటించండి. చాలామంది వదిలేసేది తర్వాతి మెట్టు. బయటి నట్టు బిగించగానే లోపలి నట్టు కొంత లోపలికి జరిగి, ఇచ్చిన ఆట తగ్గిపోతుంది. అందుకే రెండూ బిగించాక మళ్లీ తిప్పి, ఊపి చూశాకే వాషరు మడవండి. చక్రం హాయిగా తిరగాలి, ఊపితే ఆట తగలకూడదు.

బేరింగులకు రాణిగంజ్ వెళ్తే పాతదాని మీద నంబరు రాసుకుని వెళ్లండి, బిల్లు అడగండి. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీలు దొరుకుతున్నాయి. ధర మరీ తక్కువంటే తీసుకోకపోవడమే మంచిది.

బండి యజమానులు ఏటా జూన్ వానలకు ముందే హబ్బులు విప్పించండి. నీళ్లలో మునిగితే ఆ వారమే విప్పించండి. మెకానిక్కులు బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు రాసివ్వండి. వంద కిలోమీటర్లు తిరిగాక బండి ఒకసారి తెమ్మని చెప్పండి. హబ్బు ముట్టుకుని వేడి చూడటానికి, ఊపి ఆట చూడటానికి డబ్బులు తీసుకోకండి.