రాత్రి బొమ్మలో పగటి నీడ

పిల్లలూ! ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక బొమ్మ పేరు 'రాత్రి గస్తీ'. అందులో దళనాయకుడు ఒకాయన చేయి ముందుకు చాచి నడుస్తున్నాడు. ఆ చేతి నీడ పక్కనున్న అధికారి పసుప్పచ్చ కోటు మీద స్పష్టంగా పడింది. బొమ్మలో ఎక్కడా దీపం గాని, కాగడా గాని లేదు. మరి రాత్రివేళ అంత చక్కని నీడ ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న నాది కాదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వేసింది. ఆ బొమ్మ నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, రైక్స్‌మ్యూజియంలో ఉంది. మేము చూసింది మాత్రం మా బడి కంప్యూటరు తెర మీద. రైలెక్కకుండా, విమానమెక్కకుండా ఒక చరిత్ర పాఠాన్నీ, ఒక సైన్సు పాఠాన్నీ ఇంటర్నెట్టు ద్వారా ఎలా నేర్చుకోవచ్చో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

పేరు ఎలా వచ్చింది?

రెంబ్రాంట్ అనే చిత్రకారుడు 1642లో ఈ చిత్రాన్ని పూర్తిచేశాడు. నగర రక్షక దళం ఒకటి బయలుదేరుతున్న దృశ్యమది. రంగులను కాపాడటానికి చిత్రాల మీద వార్నిష్ పూస్తారు. ఏళ్లు గడిచిన కొద్దీ వార్నిష్ రంగు మారుతుంది, దానికి మురికి కూడా తోడవుతుంది. అలా నల్లబడిన బొమ్మను చూసి, అది రాత్రి దృశ్యమని జనం అనుకున్నారు. ఆ పేరే నిలిచిపోయింది. 1940లలో పాత వార్నిష్ తొలగించగానే అది పగటి దృశ్యమని తేలింది. పేరు అబద్ధమాడినా, నీడ ఆడలేదన్నమాట!

చుక్కల లెక్క

2019లో ఆ మ్యూజియం వారు ఈ చిత్రం మీద పెద్ద పరిశోధన ఆరంభించారు. అందులో భాగంగా తీసిన ఒక మహా ఫొటోను 2022 జనవరిలో అందరూ చూసేందుకు ఇంటర్నెట్టులో ఉంచారు. అందులో పక్కపక్కనున్న రెండు చుక్కల మధ్య దూరం 5 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అనగా ఒక్క మిల్లీమీటరులో 200 చుక్కలు!

ఇప్పుడు పెన్సిలు తీయండి. చిత్రం వెడల్పు 4,535 మి.మీ., ఎత్తు 3,795 మి.మీ. ఒక్కొక్కదాన్ని 200తో గుణిస్తే 9,07,000, 7,59,000 వస్తాయి. ఆ రెండింటి లబ్ధం సుమారు 68,841 కోట్లు. మ్యూజియం వారు చెప్పిన సంఖ్య 71,700 కోట్లు. మన లెక్క దగ్గరగానే వచ్చింది కదా!

ఇంత ఫొటో ఒక్క దెబ్బకు తీయలేరు. 10 కోట్ల చుక్కలు పట్టే కెమెరాతో 8,439 ఫొటోలు తీసి, వాటిని కంప్యూటరు సాయంతో అతికారు. గుణించి చూడండి, 71,700 కోట్ల కంటె ఎక్కువే వస్తుంది. ఎందుకని? అతుకు సరిగా కుదరాలంటే పక్కపక్క ఫొటోల అంచులు కొంతమేర ఒకదాని మీద ఒకటి రావాలి మరి.

అంత పెద్ద బొమ్మ చిన్న ఫోనులో ఎలా తెరుచుకుంటుంది? బొమ్మను ముందే చిన్న చిన్న పలకలుగా కోసి ఉంచుతారు. మీరు చూస్తున్న మేరకు కావలసిన పలకలు మాత్రమే మీ దగ్గరికి వస్తాయి. అట్లాసులో ముందు దేశపటం, తరువాత జిల్లా పటం తిప్పి చూసినట్టే ఇదీను.

తెలిసినది, ఊహించినది

ఎక్స్-కిరణాలతో పరీక్షించినప్పుడు రంగుల అడుగున కాల్షియం ఉన్న గీతలు బయటపడ్డాయి. రెంబ్రాంట్ సుద్ద కలిసిన రంగుతో ముందుగా చిత్తుబొమ్మ వేసుకున్నాడన్నమాట. ఒక సైనికుని శిరస్త్రాణానికి ఈకలు గీసి, తరువాత వద్దనుకున్నాడు కూడా. ఇది సాక్ష్యం.

మరో సంగతి వినండి. 1715లో ఈ చిత్రాన్ని నగర భవనంలోకి మార్చినప్పుడు, గోడ చాలలేదని నాలుగు వైపులా కోసేశారు. ఆ ముక్కలు నేటికీ దొరకలేదు. అదృష్టవశాత్తూ కోయకముందే లుండెన్స్ అనే చిత్రకారుడు దాని చిన్న నకలు వేసి ఉన్నాడు. ఆ నకలు ఆధారంగా 2021లో, రెంబ్రాంట్ పద్ధతి నేర్పిన కంప్యూటరుతో పోయిన అంచులను తయారుచేశారు. చూడటానికి ఎంత బాగున్నా, అవి రెంబ్రాంట్ వేసినవి కావు. ఇది ఆధారంతో చేసిన ఊహ.

ఈ తేడా గుర్తుంచుకోకపోతే ప్రమాదం. నల్లబడిన వార్నిష్ ఒకనాడు జనాన్ని ఎలా తప్పుదోవ పట్టించిందో, తెర మీది బొమ్మ నేడు మనల్ని అలాగే పట్టించగలదు. కనుక ఏ బొమ్మ చూసినా మూడు ప్రశ్నలు వేయండి: ఇందులో నాకు నిజంగా కనిపిస్తున్నదేమిటి? ఇది ఎక్కడ ఉన్నదని, ఎవరు చెబుతున్నారు? ఎంతవరకు సాక్ష్యం, ఎక్కడినుంచి ఊహ?

మీరే చేసి చూడండి

తెర దాచిపెట్టేది ఒకటుంది, అసలు పరిమాణం. బడి ఆవరణలో సుద్దతో 4.5 మీటర్ల వెడల్పు, 3.8 మీటర్ల పొడవు గల దీర్ఘచతురస్రం గీయండి. పక్కన 60 సెం.మీ. వెడల్పు పట్టీ ఒకటి చేర్చండి. ఎడమవైపు కోసి పారేసినది సుమారు అంత. ఇప్పుడు అందులో నిలబడి తెర మీది బొమ్మను మళ్లీ చూడండి. మీకు తోచిన కొత్త ప్రశ్నను మీ సైన్సు మాస్టారికో, సోషల్ టీచరుగారికో చెప్పండి. నీడను గమనించిన మా అమ్మాయిలా, వారికీ తెలియని ప్రశ్న వేయగలిగితే మరీ మంచిది!