తడి క్లచ్, పొడి క్లచ్

మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు తాతగారి పాత బుల్లెట్‌కు పొడి క్లచ్ పెట్టించాలంటాడు. పిల్లలూ, మీరూ వినండి. మాంగో వంతెన దాటాక ఒక షెడ్డులో అలాంటి బండి విప్పి ఉంటే చూశాను. 1955 తర్వాత మద్రాసులో తయారైన ఆ బళ్లలో క్లచ్ పలకలు ఆయిల్‌లో తిరుగుతాయి. ఆయిల్ వేడిని లాగుతుంది, ప్రైమరీ చైన్‌ను అరగనివ్వదు. కానీ పలకల మధ్య రాపిడిని తగ్గిస్తుంది.

చైన్ బదులు పళ్ల బెల్ట్ వేస్తే ఆయిల్ అక్కర్లేదు. పొడి పలకలకు పట్టు ఎక్కువ. (క్లచ్‌కు తెలుగు మాట ‘పట్టు’ అంటే సరిపోదూ!) రేసు బళ్లకు కావలసింది అదే. డుకాటీ పొడి క్లచ్ గలగల దూరానికే వినిపిస్తుంది.

అయితే ఇక వేడిని మోయాల్సింది గాలే. అందుకే కవరుకు రంధ్రాలు కావాలి. ఇంజన్ వైపు సీలు కారి పలకలపై ఆయిల్ పడిందా, క్లచ్ జారుతుంది. ట్రాఫిక్‌లో నలిగే తాతగారి బండికి ముందు ఆ సీలు చూపించమన్నాను.